దస్రన్న చక్రాల గది

భూపాలపల్లిలో మా ఎదురింటి దస్రన్న ఎవరింటికి పోయినా ముందు ప్లగ్ పాయింట్ ఎక్కడుందని అడుగుతాడు. బొగ్గు బావిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు గానీ, చేతిలోని టెస్ట్ ల్యాంప్ మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఒక తీగ ఫేజుకు, ఇంకోటి ఎర్త్‌కు పెట్టి, బల్బు వెలిగి ఎర్త్ బాగుందని తేలితేనే ఆ ఇంట్లో చాయ్ తాగుతాడు. మా ఇంట్లో వెలగలేదని వారాల తరబడి నా ప్రాణం తీశాడు.

ఈ ఎండాకాలం ఆయన అత్తకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆమెది మహబూబాబాద్ దగ్గర తండా. ఆపరేషన్ ఇక్కడి దవాఖానలో. తర్వాత కొన్నాళ్లు ఇక్కడే ఉండి చుక్కల మందు వేయించుకోవాలి. "అల్లుడింట్ల పండుకునుడు నాతోని కాదు" అని అవ్వ మొండికేసింది. ఇంకా ఆలస్యమైతే ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పినా వినలేదు. కూతురు, దస్రన్న భార్య సుక్కక్క బతిమాలి, తిట్టి, ఏడ్చి ఊరుకుంది.

అప్పుడు దస్రన్న పాత ట్రాక్టర్ ట్రాలీ మీద ఇనుప రేకులతో ఒక గది కట్టించాడు. లోపల మంచం, లైటు, ఫ్యాన్. దాన్ని తన ఇంటి ముందే నిలిపాడు.

"చక్రాలున్నది ఇల్లెట్లయితది అత్తా? గిది బండి," అన్నాడు.

అవ్వకు ఆ న్యాయం నచ్చింది. మూట కట్టుకుని వచ్చి బండెక్కి కూచుంది.

బయట నిప్పులు చెరిగే ఎండ. దస్రన్న ఒక్క అతుకు కూడా లేని లావు వైరు తెచ్చి, చుట్ట మొత్తం విప్పి వరండా దాకా పరిచాడు. అలవాటు కొద్దీ ప్లగ్ పాయింట్‌లో ల్యాంప్ పెట్టాడు. బల్బు వెలగలేదు. వెతికితే, ఇంటి ఎర్త్ పైపు ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆయన లెక్క ప్రకారం ఇన్నాళ్లూ ఆయన తన ఇంట్లో చాయ్ తాగి ఉండకూడదు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

"జర్రసేపు ప్లగ్గు పెడితే ఏమైతది? అవ్వ ఉడికిపోతున్నది," అంది సుక్కక్క.

"ఇనుప డబ్బా అది. లోపల ఏ తీగన్న తగిలితే డబ్బంత కరెంటే. ఎర్త్ లేకుంట పెట్ట," అని కొత్త ఎర్త్ పైపుకు గుంత తవ్వడానికి గడ్డపార అందుకున్నాడు.

అవ్వ తండా భాషలో ఏదో గట్టిగా అంది. రేపు పొద్దటి బస్సుకు పోతానంటోందని సుక్కక్క నాకు తెలుగులో చెప్పింది. నా నవ్వు ఆగిపోయింది. అవ్వ పోతే కన్ను పోయినట్టే.

దస్రన్న తవ్వుతూనే ఉన్నాడు. తల తిరిగి కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. గడ్డపార నాకివ్వమంటే, "ఇంట్ల ఎర్త్ లేనోనికి ఇయ్య," అన్నాడు. తనకూ లేదని అప్పుడే మరిచిపోయాడు మహానుభావుడు.

అవ్వ ఆ మసక కళ్లతోనే కిటికీలోంచి చూస్తూ కూచుంది. ఉన్నట్టుండి బండి దిగి వచ్చి, అల్లుడి చేతిలోంచి గడ్డపార గుంజి అవతల పడేసింది. సక్కగా ఇంట్లోకి పోయి ఫ్యాన్ కింద చాప పరుచుకుంది.

"అల్లుడింట్ల పండుకోనంటివి గదవ్వా?" అన్నాను, ఊరుకోలేక.

"పండుకోను," అంది అవ్వ. "అల్లుడు గా బండ్ల పండుకుంటడు. అల్లుడు లేని ఇల్లు నా బిడ్డ ఇల్లే గద."

గుంత పూర్తి కాలేదు గనక, దస్రన్న విసనకర్ర పట్టుకుని బండెక్కాడు.