నాలుగు మూలలా పసుపు పూసిన సిమ్ము

ఒక కాగితానికి నాలుగు మూలలా పసుపు పూయించుకుని, ఇరవయ్యేళ్ళుగా కాపాడుకొస్తున్న పెద్దల్లుడి మర్యాదను ఒక్క పూటలో ఎలా మంటగలుపుకున్నానో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఇంటావిడ లచ్చిమి రెండేళ్ళుగా నవ్వుతూనే ఉంది, కొత్తగా మీరు చేసే నష్టమేమీ లేదు.

నా పేరు అప్పలస్వామి. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగం అని పిలిచే ఈ యాంగోన్‌లో, పజుండౌంగ్ వాగు పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నాది. అత్తవారిల్లు నది దాటి తన్లిన్‌లో. మా అత్తగారికి ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను. చిన్నమ్మాయిని సూరిబాబు చేసుకున్నాడు. నా జాతకంలో శని ఎక్కడున్నాడో జ్యోతిష్యుడు చెప్పలేకపోయాడు గానీ నాకు తెలుసు. తన్లిన్‌లో, మా అత్తగారి పక్కింట్లో అద్దెకుండేవాడు.

సూరిబాబు మంచివాడు. అదే నా బాధ. వాడిలో ఒక్క చెడ్డగుణమైనా ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. తాగడు, అరవడు, నన్ను "అన్నా" అని తప్ప పిలవడు. సరుకులు పంపే కంపెనీలో ఉద్యోగం, నెలకోసారి బ్యాంకాక్ ప్రయాణం. అక్కడ విమానం చక్రాలు నేలకి ఆనాయో లేదో, ఇక్కడ మా అత్తగారి ఫోను మోగేది.

"అత్తా, దిగీసినాను. ఇంకా ఇమానంలోనే ఉన్నాను, సూడు."

"అప్పుడే ఎలగ మాటాడతన్నావు బాబూ? ఆ దేశం సిమ్ము కొనొద్దేటి?"

"ఇది ఈ-సిమ్మత్తా. సేత్తో పట్టుకోడానికేటీ ఉండదు. ఇంటికాడే పోన్లోకి ఎక్కించీసుకుంటే అక్కడ దిగీసరికి పనిసేస్తాది."

ఇక చూడాలి ఆవిడ సంబరం. వాడు తిరిగొచ్చాక ఆ ఫోనుని అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, వీధి వీధంతా పిలిచి చూపించింది. నేను కొట్టు కోసం కొత్త మోటారు కొని తీసుకెళ్ళిన రోజున మాత్రం "ఏటిదింత సప్పుడు సేస్తంది, బయటెట్టు బాబూ" అంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా అత్తగారింట్లో చిన్నల్లుడి సిమ్ముకే సిగ్నలెక్కువ.

ఇలా ఉండగా బ్యాంకాక్‌లో హోటల్లో వంట చేసే మా బావమరిది శివకి కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున అక్కడే బారసాల పెట్టుకున్నారు. మా అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డకి కట్టే మొలతాడు మేనత్త తరఫున వస్తుంది. దాన్ని తెచ్చిన మగవాడి పేరే బిడ్డకి పిలుపుపేరు అవుతుంది. జాతకం పేరు ఏదైనా పెట్టుకోండి, ఇంట్లో అందరూ పిలిచేది మాత్రం ఆ పేరుతోనే. శివకి ఆ పేరు అలా వచ్చిందే.

అర్థమైంది కదా? ఆ వెండి మొలతాడు నా జేబులో వెళితే, ఆ వంశంలో ఒక్కగానొక్క మనవడు చిన్న అప్పలస్వామి అవుతాడు. సూరిబాబు జేబులో వెళితే, నేను చచ్చేదాకా ఆ ఇంట్లో ఇద్దరు సూరిబాబుల్ని భరించాలి.

ఆడవాళ్ళిద్దరి పాస్‌పోర్టులూ అప్పటికి చేతికి రాలేదు. అల్లుళ్ళలో ఒకడు వెళ్ళాలి. మా అత్తగారు అందరినీ కూర్చోబెట్టి, "సూరిబాబుకి దారి తెల్సు. ఆ బాబే ఎల్తాడు" అంది.

"పెద్దల్లుణ్ణి నానుండగా?" అన్నాను.

"నీకు అక్కడేటి తెల్సు బాబూ? తప్పిపోతే ఎవుల్ని అడుగుతావు?"

"ఎవుల్నీ అడగక్కర్లేదు. నాను కూడా ఈ-సిమ్ము ఏసుకునే ఎల్తాను. ఇమానాశ్రయానికి ఎవులూ రావొద్దని శివకి సెప్పీండి. పోన్లో మేప్ సూసుకుని నానే ఇంటికొచ్చీస్తాను."

సూరిబాబు వెంటనే "అన్నే ఎల్లాలత్తా, పెద్దోడు కదా" అన్నాడు. చూశారా మంచితనం? పోట్లాడి గెలుద్దామని నేను నడుం కడితే, వాడు ఊరికే ఇచ్చేసి ఆ తృప్తి కూడా లేకుండా చేశాడు.

ఊళ్ళో ఒక ఫోన్ల కొట్టుకి వెళ్ళాను. కౌంటర్‌లో ఉన్న బర్మా అమ్మాయి, వాళ్ళ భాషలో "అన్నా" అని పిలుస్తూ, మర్యాదగా అడిగింది. "కో, మీ ఫోను ఈ-సిమ్ తీసుకుంటుందా? ఒకసారి చూడనా?"

"మా తోడల్లుడి ఫోను తీసుకుంటుంది. మాదీ అదే కంపెనీ" అన్నాను.

"పోనీ ఇక్కడే ఎక్కించి ఇవ్వనా?"

"వద్దు. ఆ గళ్ళ బొమ్మని కాగితం మీద ముద్రించి ఇయ్యి. పెద్దదిగా."

నలుపు తెలుపు గళ్ళతో ఒక చదరం. ఫోను కెమెరా దాన్ని చూస్తే సిమ్ము దానంతటదే లోపలికి వెళుతుందట. కాగితం ఎందుకంటారా? కంటికి కనబడని సిమ్ముకి మా అత్తగారు పసుపు ఎక్కడ పూస్తుంది? వాడి ఫోనుకి జరిగిన పూజ నా సిమ్ముకి జరగకుండా విమానమెక్కడానికి నేనేమైనా పరాయివాణ్ణా?

లచ్చిమి చెప్పనే చెప్పింది. "మావా, ఒకపాలి సూరిబాబుని అడుగు. ఆడికి తెల్సు కదా."

"ఆణ్ణడిగితే అది ఆడి సిమ్మే అయిపోతాది."

ప్రయాణానికి ముందురోజు కాగితాన్ని అమ్మవారి ముందు పెట్టించాను. మా అత్తగారు పసుపు తడిపి, శుభలేఖకి పూసినట్టే నాలుగు మూలలా పూసింది. సరిపోలేదనిపించి "ఇంకొంచెం దట్టంగా ఎట్టత్తా" అన్నాను. పెట్టింది. పక్కనే ఉన్న సూరిబాబు ముందుకు వంగాడు.

"అన్నా, ఆ మూలలు..."

"నీకు తెల్సిందే లోకమేటి? సూస్తా ఉండు."

వాడు వెనక్కి జరిగాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని చెప్పుకుంటాం కదా, ఆ నక్కకి కూడా "వద్దు" అనేవాడు ఎవడో ఒకడు పక్కన ఉండే ఉంటాడు.

మర్నాడు పొద్దున బ్యాంకాక్‌లో దిగాను. ముహూర్తం పదకొండు నలభైకి. మొలతాడు చొక్కా లోపలి జేబులో ఉంది. సామాన్లు తీసుకుని, నలుగురూ చూసేలా ఒక పక్కన నిలబడి, కాగితం విప్పి ఫోను చూపించాను. ఏమీ జరగలేదు. దగ్గరగా పెట్టాను, దూరంగా పెట్టాను, వంకరగా పెట్టాను. కుట్టుమిషన్ని తట్టినట్టు ఫోనుని వెనకాల రెండు తట్లు కూడా తట్టాను. తడి పసుపుకి మూలల్లో సిరా కరిగి నల్లగా, పచ్చగా పేరుకుని ఉంది. రుమాలుతో తుడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడట ఒకడు, నేను ఆ ఆకుల్ని కూడా నలిపి పారేశాను. మిగిలిన గళ్ళు కూడా అలుక్కుపోయాయి.

సహాయం చేసే కౌంటర్‌కి పరుగెత్తాను. అక్కడున్న అమ్మాయి కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, నెమ్మదైన ఇంగ్లీషులో అడిగింది.

"కూర ఒలికిందా సార్?"

"కూర కాదు. దేవుడు."

ఆ అమ్మాయి ఇంకేమీ అడక్కుండా కాగితానికి చిన్న నమస్కారం చేసింది. తర్వాత వివరంగా చెప్పింది. "ఈ మూలల్లో ఉండే మూడు గడుల్ని చూసే ఫోను దీన్ని గుర్తుపడుతుంది సార్. అవి పోతే గుడ్డిదే." నేను మా అత్తగారి దట్టమైన పసుపుని మనసులో తిట్టుకుంటున్నాను. దట్టంగా పెట్టమన్నది నేనేనని అప్పుడు గుర్తుకు రాలేదు. ఆ అమ్మాయి నా ఫోను తీసుకుని ఏవో నొక్కి చూసి, ఇంకా మెల్లగా అంది.

"కాగితం బాగున్నా లాభం లేదు సార్. ఈ ఫోను పాత రకం. ఈ-సిమ్ తీసుకోదు."

పాపం పసుపు. దాని తప్పేమీ లేదు. ఆ కాగితాన్ని బంగారంతో తాపడం చేయించినా నా ఫోను దాన్ని తీసుకునేది కాదు.

"పోనీలెండి, ఇంకా తొమ్మిదీ నలభయ్యే కదా" అన్నాను ఫోను చూసి.

"పదీ పది సార్. ఇక్కడ మీకంటే అరగంట ముందు. నెట్ లేక మీ ఫోను ఇంకా యాంగోన్‌లోనే ఉంది."

ఆ అమ్మాయే నా పాస్‌పోర్టు చూసి, విమానాశ్రయం వైఫై కలిపి ఇచ్చింది. శివ అడ్రసు రాయలేదు, మేప్‌లో ఒక చుక్క మాత్రం పంపాడు. ఆ చుక్కని తెరిచి పట్టుకుని బయట టాక్సీ దగ్గరికి పరుగెత్తాను. గుమ్మం దాటగానే వైఫై పోయింది. మేప్ మొత్తం బూడిదరంగు అయింది. డ్రైవరు ఆ బూడిదని చూసి, నన్ను చూసి, వెనకున్న మనిషిని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ లోపలికొచ్చాను. శివకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పీటల మీద కూర్చుని ఉంటాడు. నాకు తెలిసినవాళ్ళలో బ్యాంకాక్ తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. ఆ పేరు మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. ముహూర్తం తప్పితే మామూలు దారం కట్టేసి, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టేస్తారు. నొక్కాను. మొదటి రింగుకే ఎత్తాడు. వాడి వెనకాల మా అత్తగారు, లచ్చిమి, సగం వీధి. బారసాల ఫోన్లో చూడ్డానికి అందరూ ముందే చేరిపోయారు.

"అన్నా, దిగీసినావా? సిమ్ము పనిసేస్తందా?"

"బెమ్మాండంగా పనిసేస్తంది. ఒక సిన్న ఇబ్బంది."

"ఏటది?"

"పనిసెయ్యట్లేదు."

అటువైపు ఎవరో కిసుక్కుమన్నారు. లచ్చిమే అయి ఉంటుంది. సూరిబాబు మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"అన్నా, నాలుగో గేటు కాడ నిలబడు. ఇక్కణ్ణించే టాక్సీ పిలుస్తన్నాను. గులాబీరంగు కారు. ఎక్కి కూకో, ఏటీ మాటాడకు. అదే ఎల్తాది."

ఎక్కి కూర్చున్నాను. దారిలో నాకు నెట్ లేదు, మేప్ లేదు, ఎక్కడున్నానో తెలీదు. తన్లిన్‌లో మాత్రం అందరికీ తెలుసు. నేనెక్కిన కారు సూరిబాబు ఫోన్లో చీమంత బొమ్మై కదులుతోందట. ఆ సంగతి లచ్చిమి తర్వాత నటించి మరీ చూపించింది.

"ఎక్కడికొచ్చినాడు?" అని మా అత్తగారు.

"వంతెనెక్కినాడత్తా."

"ఆగిపోనాడేటి?"

"సిగ్నలు పడింది."

"మల్లా దిగిపోయి ఎటైనా ఎలిపోడు కదా?"

"తలుపులు ఏసే ఉన్నాయత్తా."

ఒకచోట కారు పావుగంట కదలకపోతే, ఆ చీమకి ఎవరో కర్పూరం కూడా వెలిగించారట. పెద్దల్లుణ్ణి పార్సిల్‌గా పంపి, ఇంటిల్లిపాదీ కూర్చుని ఎక్కడిదాకా వచ్చాడో చూసుకున్నారు.

పదకొండూ ముప్ఫయ్యారుకి శివ గుమ్మంలో దిగాను. చెప్పులు ఎక్కడ విడిచానో తెలీదు. పీటల దగ్గరికి వెళ్ళి, వెండి మొలతాడు తీసి, నా చేతుల్తో బిడ్డకి కట్టాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. నిజంగానే వచ్చాయి, అందులో అతిశయోక్తి లేదు. గెలిచాననుకున్నాను. శివ వాళ్ళావిడ తన ఫోన్లో తన్లిన్‌ని కలిపి గోడకి ఆనించి పెట్టింది.

"అత్తా, కట్టీసినాను. పేరు సెప్పీనా? అప్పలస్వామి" అన్నాను.

"ఆగు బాబూ. మొల్తాడు ఎవులు తెచ్చినారు?"

"నానే కదత్తా."

"మరి నిన్నెవులు తెచ్చినారు?"

గదిలో ఉన్న ముప్ఫైమందీ నా వైపు చూశారు. పంతులుగారు కూడా మంత్రం ఆపి చూశారు.

"సూరిబాబు" అన్నాను.

"మరింకేటి" అంది మా అత్తగారు. అంతే. కోర్టులు, లాయర్లు ఉన్న దేశంలోనూ ఇంత త్వరగా తీర్పు రాదు.

సూరిబాబు అటువైపు నుంచి "అదేటత్తా, వొద్దు, అన్న పేరే" అంటూనే ఉన్నాడు. అది వింటే నాకు ఇంకా మండింది. పంతులుగారు గడియారం చూశారు. "రెండు నిమిషాలే ఉంది. మొలతాడు కట్టినవారే బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. కానివ్వండి."

వంగి, బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, "సూరిబాబు" అన్నాను.

"వినబడలేదండీ, గట్టిగా" అన్నారు పంతులుగారు.

"సూరిబాబూ."

"ఏటన్నా?" అంది గోడకి ఆనించిన ఫోను.

"నిన్ను కాదు. సూరిబాబూ."

"సెప్పన్నా."

కాబట్టి పాఠకులారా, ఆ రోజున, ఆ పీటల ముందు, పంచభూతాల సాక్షిగా ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట నా ఫోనులో ఏముందో, ఏం లేదో అడిగి తెలుసుకోకుండా ఏ దేశానికీ విమానమెక్కను. తోడల్లుడికి ఉందని నేనూ ఏదీ కొనను. కొన్నా దానికి పసుపు పూయించను. ఒట్టు ఉత్తినే వెయ్యకూడదు, ప్రాణంగా చూసుకునేవాళ్ళ మీదే వెయ్యాలంటారు. ఇప్పుడు వాడికి రెండేళ్ళు, నన్ను చూస్తే చాలు రెండు చేతులూ చాచి వచ్చేస్తాడు. వాడిమీదే వేస్తున్నాను. సూరిబాబు మీద ఒట్టు.