బస్సులో నాడి చూసిన నర్సమ్మ

కునుకుపాటు ఎరుగని మన దేవునికి స్తోత్రము కలుగును గాక.

యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం గౌలిగూడలో బస్సెక్కిన నర్సు ఒకామె నా పక్కన కూర్చుంది. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సు. కూర్చోగానే కునుకు పట్టింది. ఆ నిద్రలోనే ఆమె వేళ్ళు నా మణికట్టు పట్టుకుని నాడి చూశాయి.

"జ్వరం దిగింది పెద్దమ్మా, జర గంజి తాగు" అంది. కళ్ళు తెరిచి నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"నాకు జ్వరమే రాలేదమ్మా" అన్నాను.

"అయితే నా మందు మంచిగ పనిచేసింది" అని నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "తోడున్న ఇద్దరు నర్సమ్మలు మిలిటరీ దవాఖానకు పోయిన్రు. వాళ్ళు సూసే ఇండ్లు గూడ నేనే తిరుగుతున్న. ఖైరతాబాద్‌ల ఓ బాలింత ఒళ్ళు కాలిపోతున్నది. పొద్దుగాల సంది నా సూది కోసం సూస్తున్నరు."

ఆబిడ్స్‌లో ఇంజను వేడెక్కి బస్సు ఆగిపోయింది. ఆమె లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. నేను ఆమె చేయి పట్టుకుని, "ప్రభువా, ఈ బిడ్డకు బలమియ్యి" అని ప్రార్థన మొదలుపెట్టాను.

"బలమొద్దమ్మా" అంది. "బలముంటే ఇంకో నాలుగిండ్లు నా మీదనే ఏస్తరు. ఇంకో నర్సమ్మను పంపుమని అడుగున్రి."

సంచీ చంకన పెట్టుకుని బస్సు దిగి, నాంపల్లి వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఆ బాలింతను వేళకు చేరిందో లేదో నాకు తెలియదు. అలసినవారి కోసం ప్రార్థించమని సంఘంలో అడిగితే, బలమిమ్మనే మాట నాకిప్పటికీ నోట రాదు. చదువుతున్న మీరూ నాతో తల వంచండి. ప్రభువా, ఆమె పక్కకు మరొకరిని పంపు. మా ఇంటి నుంచైనా సరే, పంపు. ఆమేన్.