పైడికి లెక్కలు రావని చెప్పాను

కొన్నేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. పత్రికలో అయితే ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. నేనే అల్లాను, నేనే దిద్దాను, నేనే పదిహేడేళ్ళ అమ్మాయికి చెప్పాను. అది అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ ముఖం చూడాలి కదా.

మా వీధిలో కారు ఆగిన చప్పుడు వినిపిస్తే చేతిలో పని ఆపి వింటాను. తలుపు ఒకటి వేశారా, రెండా? అడుగులు ఎటు పడుతున్నాయి? బర్మాలో, ఈ యాంగోన్‌లో, ఈ అలవాటు నా ఒక్కడిదే కాదు. కానీ నా భయం పక్కన ఇంకో భయం కూర్చుని ఉంటుంది. వచ్చేది మనుషుల్ని పట్టుకుపోయేవాళ్ళు కాక పైడి అయితే? తెలిసిపోయి వస్తుంటే? ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకోలేక చాలా పగళ్ళు గడిపాను.

పైడి మా పక్కింటి పిల్ల. బడిలో బర్మా పేరు, ఇంట్లో పైడి. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఇలా రెండేసి పేర్లు ఉంటాయి. తండ్రి అహ్లోన్ రేవులో గోడౌన్ కాపలాదారు. తల్లి నూకాలు ఇంట్లోనే కుట్టుమిషను తొక్కుతుంది. నేను చాలాకాలం ఒక ఇంగ్లీషు దినపత్రికలో పనిచేశాను. బర్మా భాషలో వచ్చిన వార్తలను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ఎందుకు లేదో రాయను. వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. నాకది గర్వంగా ఉండేది. ఆ గర్వం గురించి తర్వాత చెబుతాను. అసలు తప్పు భయంతో మొదలైందో, గర్వంతో మొదలైందో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

పైడికి డిగ్రీ కావాలి. నాలుగేళ్ళూ బయటి దేశంలో చదివించే తాహతు ఆ ఇంటికి లేదు. ఆ పిల్ల దానికొక దారి వెతికింది. పెనాంగ్‌లో మేనత్త ఉంది. అక్కడి ఒక కాలేజీ, వేరేచోట పాసైన సబ్జెక్టులు తన సబ్జెక్టులకు సరిపోతే వాటిని తనవిగానే ఒప్పుకుంటుంది. దాన్ని క్రెడిట్ బదిలీ అంటారు. కాబట్టి మొదటి రెండేళ్ళూ ఇంటి దగ్గరే ఉండి దూరవిద్యలో చదవాలి. చివరి రెండేళ్ళకే పెనాంగ్ వెళ్ళాలి. అత్త ఇంట్లో ఉండాలి. అలా అయితే తండ్రి భరించగలడు. ఇందులో నా ఆలోచన ఒక్కటీ లేదు. ఏ సబ్జెక్టు దేనికి సరిపోతుందో ఒక్కొక్కటీ ఆ పిల్లే సరిచూసుకుంది. చరిత్ర అంటే ఇష్టం. పెనాంగ్‌లో తను చేరబోయే చదువుకు చరిత్ర పనికిరాదని తెలిసి దాన్ని వదిలేసి లెక్కలు తీసుకుంది. "చరిత్ర మోసుకెళ్ళలేం ఊలే" అంది. ఊలే అంటే బర్మాలో బాబాయి. వీధి పిల్లలందరికీ నేను ఊలేనే.

ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ మా వసారాలో కూర్చున్నారు. ఆ మాటలు నాకు నిన్న విన్నట్టే ఉన్నాయి.

"ఇక్కడ సదివింది అక్కడోళ్ళు ఎలగ ఒప్పుకుంటారే?" అంది నూకాలు.

"బదిలీ అమ్మా. సబ్జెక్టులు బదిలీ అవుతాయి."

"మనుసులకి బదిలీలవుతాయి గానీ సదువుకి బదిలీ ఏటే? బియ్యం బస్తానేటి, ఈ రేవులో ఎక్కించి ఆ రేవులో దింపడానికి?"

పైడి నావైపు చూసి నవ్వింది. నూకాలు కాసేపు ఆలోచించి, "ఆఁ, తెలిసినాది. అమ్యా లాటిదేటి?" అంది.

ఇక్కడ బౌద్ధులు దానం చేశాక, దాని పుణ్యాన్ని పంచుతూ "అమ్యా, అమ్యా, అమ్యా" అని పైకి పలుకుతారు. విన్నవాళ్ళు "సాదు" అనాలి. అంటేనే ఆ పుణ్యం వాళ్ళకు చేరినట్టు. మేము హిందువులమే అయినా తరాలుగా ఇక్కడ ఉన్నాం. పక్కింట్లో అమ్యా వినబడితే మా నోటికీ సాదు వచ్చేస్తుంది.

"అలాటిదే అనుకో," అంది పైడి. "అక్కడోళ్ళు సాదు అనాల. అనకపోతే అందదు."

"మరి అమ్యా ఎవులంటారే ముందర?"

"ఊలేయే. పాటాలన్నీ ఇంగ్లీసులోకి రాసి పంపాల గదా."

"మీ ఊలేకేటి బయం? రాజులు ఎదర కూకున్నా రాసీసినోడు. అమ్యా అనడానికి అన్నియ్యకి నోరు రాదేటి?"

ముగ్గురం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. అది రాయక తప్పదు.

మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. పైడి అన్నిట్లో పాసైంది. లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయి. నా ఇంగ్లీషు మీద నమ్మకంతో కాలేజీకి ఉత్తరాలు నన్నే రాయమంది. నా మెయిలు నుంచే రాశాను. జవాబు వచ్చింది. చూస్తే సబ్జెక్టులు సరిపోయేలాగే ఉన్నాయి, పాఠ్యాంశాల వివరాలు ఇంగ్లీషులో పంపండి అన్నారు. చివర ఒక్క నియమం. అనువదించినవారు ప్రతి పేజీ మీద పూర్తి పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య రాసి సంతకం చేయాలి.

అనువాదం అప్పటికే పూర్తిచేశాను. మంచి అనువాదం. పేరు దగ్గరే ఆగిపోయాను.

మా వృత్తిలో అనువాదకుడికి పేరుండదు. వార్త కింద విలేకరి పేరు వస్తుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు కనబడడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అందుకు కొంచెం బాధపడ్డాను. పత్రిక పోయాక, ఆ పేరు లేకపోవడమే నన్ను కాపాడిందని అర్థమైంది. నా పక్క కుర్చీలో పనిచేసిన మిత్రుణ్ణి ఒక సాయంత్రం తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఆయన టీకొట్టుకు రావడం మానేశాడు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఏం అడిగారని అడిగితే, "పేర్లు" అన్నాడు. ఆ పేర్లలో నాది ఉందా అని అడగాలనిపించింది. ఇప్పటికీ అడగలేదు.

అలాంటి రోజుల్లో నా పేరు, నా ఇంటి నంబరు, నా గుర్తింపు సంఖ్య, ప్రతి పేజీ మీదా, దేశం దాటి వెళ్ళాలి. ఒక పిల్ల పాఠాలు అనువదించినందుకు ఎవరైనా పట్టుకుపోతారా? పట్టుకుపోరు. ఆ సంగతి అప్పుడూ తెలుసు. నాకు తెలుసు గానీ నా భయానికి తెలియదు. పెన్ను తీసేవాణ్ణి. వీధిలో కారు ఆగేది. పెన్ను పెట్టేసేవాణ్ణి. చివరిసారి ఆగిన కారు ఎదురింటి పెళ్ళివాళ్ళది. అయినా మళ్ళీ పెన్ను తీయలేదు.

భయపడటం నేరం కాదని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకుని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ నన్ను నేను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "పైడీ, నాకు భయంగా ఉందమ్మా. ఇంకెవరిచేతనైనా చేయించుకో" అని ఎందుకు చెప్పలేదు? సంతకం చేసే అనువాదకులు ఊళ్ళో ఇంకా ఉన్నారు. తండ్రి ఎలాగో తంటాలుపడి చేయించేవాడు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నా భయం నా దగ్గరే ఉండేది, ఆ పిల్ల చదువు ఆ పిల్ల దగ్గర ఉండేది. చెప్పలేకపోయాను. రాజులు ఎదురుగా కూర్చున్నా రాసేసినవాడిని కదా. వసారాలో నూకాలు అన్న ఆ మాటను పోగొట్టుకోలేకపోయాను. అంత పిరికివాణ్ణనిపించుకోవడం ఇష్టంలేక, అంతకంటే పిరికి పని చేశాను.

పైడి వచ్చి అడిగింది. "కాలేజీవాళ్ళు ఒప్పుకోలేదమ్మా" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఏ సబ్జెక్టు ఊలే?" అంది. నేను పత్రికవాణ్ణి. వివరం లేని వార్తను ఎవరూ నమ్మరని నాకు తెలుసు. ఒక సబ్జెక్టు పేరు చెప్పాలి. నోటికొచ్చింది చెప్పాను. "లెక్కలు. నీ లెక్కలు వాళ్ళ స్థాయికి చాలవన్నారు."

ఆ పిల్ల ఏడవలేదు. తల ఊపింది. ఎప్పటినుంచో తనలో ఉన్న అనుమానం నిజమైనట్టు ఊపింది. అదే నన్ను ఇన్నాళ్ళూ వెంటాడింది. నేను అబద్ధం చెబితే, ఆ పిల్ల తన లోపల దానికి చోటు చూపించింది.

మరుసటి ఏడాది రెండో ఏడు పాఠాలతో పాటు అవే లెక్కలు మళ్ళీ చదివింది. మళ్ళీ రాసింది. మార్కులు ఇంకా పెరిగాయి. తీసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇప్పుడు సాలుతాయా ఊలే?" నేనేమన్నానో తెలుసా? ఈ ఏడాది బయటివాళ్ళను తీసుకోవడం ఆపేశారట, అన్నాను. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొకటి. ఈసారి పెన్ను తీయనైనా లేదు. ఆలోచించనైనా లేదు. మొదటిది భయంతో చెప్పానని అనుకుందాం. రెండోది? అలవాటైపోయిందేమో.

పైడి చదువు ఆపేసింది. దలాలో ఒక మందుల షాపులో చేరింది. రోజూ పొద్దున్నే పడవ ఎక్కి నది దాటుతుంది. సాయంత్రం తిరిగొస్తుంది. ఎదురుపడితే "తిన్నారా ఊలే" అని అడుగుతుంది. ఒక్కసారైనా ముఖం తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మొన్నీమధ్య నూకాలు మా గుమ్మం దగ్గర నిలబడి, మామూలు కబురులా ఒక మాట అంది. షాపు యజమాని పైడిని లెక్కల బల్ల దగ్గర కూర్చోమన్నాడట, కొట్టు మొత్తం చూసుకోమన్నాడట. పైడి వద్దందట. "మా దానికి లెక్కలు రావు గదా అన్నియ్యా. పెనాంగోళ్ళే సెప్పీసినారు గదా. తెలిసీ తెలిసీ అందులో ఎందుకు కూకోవాల?" అని వెళ్ళిపోయింది.

నేను లోపలికొచ్చి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను ఒక దారి మూశాననుకున్నాను. ఒక దారే కదా, ఇంకొకటి దొరుకుతుందిలే అనుకున్నాను. అది కాదు. నేను నోటికొచ్చినట్టు అన్న ఒక మాట ఆ పిల్ల లోపల కూర్చుని, వచ్చిన ప్రతి అవకాశానికీ తనే వద్దని చెబుతోంది. నేను ఊరుకున్నకొద్దీ చెబుతూనే ఉంటుంది.

ఆ రోజే కాలేజీకి రాశాను. పాత సబ్జెక్టులు ఇప్పుడు పనికొస్తాయా అని అడిగాను. జవాబు కోసం కూర్చున్న రోజుల్లో నాకు ఏ జవాబు కావాలో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పనికిరావు అని రావాలని కోరుకున్నాను. అప్పుడు చెప్పినా ప్రయోజనం లేదని ఊరుకోవచ్చు. జవాబు అలా రాలేదు. వచ్చే ప్రవేశాల వరకు చెల్లుతాయి, ఆ తర్వాత చెల్లవు, అన్నారు.

ఇక తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నిన్న పొద్దున దలా పడవ రేవుకు వెళ్ళాను. పైడి నన్ను చూసి, "ఏటి ఊలే, దలా వస్తన్నారేటి?" అంది. చుట్టూ జనం. సైకిళ్ళు, కూరగాయల గంపలు. కారు చప్పుడుకు కూడా ఎప్పుడూ అంత భయపడలేదు. మొత్తం చెప్పాను. పేరు రాయడానికి భయపడ్డానని, పంపనే లేదని, లెక్కల మాట నేను పుట్టించానని, రెండోసారి చెప్పింది కూడా అబద్ధమేనని, వచ్చే ప్రవేశాలకు ఇంకా వీలుందని చెప్పాను. ప్రతి పేజీ మీద సంతకం చేసి ఇస్తానన్నాను.

"మరి నాను మళ్ళీ రాసిన పరీచ్చ?" అంది పైడి. అంతే. పడవ వచ్చింది. జనం కదిలారు. వాళ్ళతో పాటు వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

సాయంత్రం తిరిగొచ్చిందని వాళ్ళింట్లో దీపం చూసి తెలుసుకున్నాను. ఇవాళ ఇంతవరకు ఎవరూ రాలేదు. సంతకం చేసిన పేజీలు బల్ల మీద ఉన్నాయి. అడిగేదీ అడగనిదీ ఆ పిల్ల ఇష్టం. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోవడం లేదు. నూకాలుకు ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. వీధిలో చప్పుడైతే ఇప్పటికీ చెవి అటే పోతుంది. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి, దాచుకోనక్కరలేని వాక్యాలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. పైకి అని చూసుకున్నాను. మీతోనూ అంటాను. కాలేజీ కాదనలేదు. నేనే పంపలేదు. పైడికి లెక్కలు వచ్చు.