మద్నూర్ తొవ్వలో ఫోను తాళం

ఆ రోజుల్లో, ఆఫీసు మెయిల్ జేబులోకి వచ్చిందంటే మనిషి పెద్దవాడైపోయినట్టేనని నాకో గట్టి నమ్మకం. బాన్సువాడలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాను. ఇకనుంచి మెయిల్ ఫోనులోనే చూసుకోవాలని మేనేజరు సారు చెప్పగానే పొంగిపోయి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా విప్పకుండా ఆ పనిలో పడ్డాను. ఫోను పేజీలకు పేజీలు షరతులు చూపించింది. అన్నింటికీ ఒప్పుకుంటున్నానని నొక్కేశాను (పెళ్లిపీటల మీద మంత్రాలకు తలూపినట్టు. అవి చదివి నొక్కేవాళ్లు ఎవరున్నారు చెప్పండి?).

ఒప్పుకున్నదేమిటో సాయంత్రం ఇంట్లో తెలిసింది. ఫోనుకు తాళం పడింది. నాలుగంకెలు కొడితేగాని తెరుచుకోదు. మా ఇంట్లో అప్పటికి ఉన్న స్మార్ట్‌ఫోను అదొక్కటే. పేరుకు నాదే గాని, సాయంత్రమైతే మా అవ్వది. మహారాష్ట్ర సరిహద్దున మద్నూర్‌లో ఉండే తన చెల్లెలి, అంటే మా చిన్నవ్వ ఫోటో మీద వేలు పెడితే వీడియోలో ఆమె ప్రత్యక్షం. ఇక అక్కడేం కూర, ఇక్కడేం కూర అని మొదలై, సగం తెలుగులో సగం మరాఠీలో పొద్దుగూకేదాకా ముచ్చటే. పైగా మా ఇళ్లల్లో ఫోనుకు తాళం వేశారంటే లోపల ఏదో దాస్తున్నట్టే లెక్క. అవ్వ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఎవరి పిల్లరా?"

పిల్లా లేదు, పాడూ లేదు, కంపెనీ రూలు అని ఎంత మొత్తుకున్నా వినదే. మా బావ అయితే పొలం నుంచి సరాసరి వచ్చి, పిల్లది ఏ ఊరో చెబితే చాలు, మిగతాది తాను చూసుకుంటానని భరోసా ఇచ్చాడు (ఆ భరోసాకే నాకు సగం జ్వరం వచ్చింది). ఇక లాభం లేదని ఉన్న సంగతి చెప్పేశాను. తప్పుడు అంకెలు మాటిమాటికీ కొడితే ఫోనులో ఉన్నదంతా కంపెనీ తుడిచేస్తుందని. అవ్వ మొహం చిన్నబోయింది.

"మొత్తం తుడుస్తరా? నా చెల్లెను గూడనా?"

ఆ రోజు నుంచి ఫోను ముట్టడమే మానేసింది. నేను తెరిచి ఇస్తానన్నా, నీ నౌకరి ఖరాబైతది వద్దు బిడ్డా అంటూ పోయి వాకిట్లో కూర్చునేది. అటు చిన్నవ్వకు, అక్కకు ఏమైందోనని ఒకటే ఫికర్. అక్కాచెల్లెళ్ల నడుమ అడ్డుపడ్డానే అని నాకు చాలా బాధేసింది. మెయిల్ తీసేద్దామంటే కొత్త ఉద్యోగం, సారు ముందు నోరు పెగలదు.

ఒక ఆదివారం అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టి నేర్పడం మొదలుపెట్టాను. ఆమెకు అంకెలు చదవడం రాదు. ముందు ఇక్కడ, తర్వాత ఇక్కడ అని చూపిస్తుంటే, వేలు నడిచే దారినే చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి అంది.

"గిది బాన్సువాడ అనుకో. కిందికి దిగితే పిట్లం. గిట్ల మల్లితే బిచ్కుంద. గీ కొసకు నా చెల్లె ఇల్లు."

ఒక్కో ఊరి పేరూ పలుకుతూ తనే నొక్కింది. తాళం తెరుచుకుంది. చెల్లెలి ఫోటో ఎక్కడిదక్కడే ఉంది. అవ్వ కొంగుతో ముందు ఫోను తుడిచింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

కంపెనీ ఊరుకుంటుందా? మూడు నెలలు తిరిగేసరికి అంకెలు మార్చమంది. పాతవి పనికిరావట. కొత్త దారి చూపిస్తే అవ్వ విసుక్కోలేదు. మల్ల రోడ్డు తవ్విండ్రా అని అడిగి, పిట్లం ఎటు జరిగిందో, బిచ్కుంద ఎక్కడికి పోయిందో చూసుకుని మద్నూర్ చేరుకునేది. అలా ఎన్నిసార్లు తవ్వినా చేరుకుంది.

ఇప్పుడు నా ఫోను నా మొహం చూసి తెరుచుకుంటుంది. చిన్నవ్వ పోయి ఏడాదైంది. మొన్న మళ్లీ అంకెలు మార్చమని కంపెనీ అడిగితే, అలవాటు కొద్దీ, అవ్వా రోడ్డు తవ్విండ్రు అనేశాను.

"ఇగ తవ్వుకోనీ బిడ్డా," అంది.

కంపెనీ అంత భద్రంగా దాచమన్న ఆ మెయిళ్లలో ఒక్కటైనా నాకు గుర్తులేదు. వాటికోసం డబ్బా విప్పకుండా కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొత్త అంకెలు పెట్టేటప్పుడు మాత్రం నా వేలు ఇప్పటికీ బాన్సువాడలోనే బస్సెక్కుతుంది, మద్నూర్‌లోనే దిగుతుంది.