బాబాయికి పంపిన రంగు డబ్బా

మొన్న ఏలూరులో మా అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకుకు లోపల రంగు వేస్తున్నారని పైకి వెళ్ళి చూస్తే, పనివాడు ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా, ఫోనులో పాటలు వింటూ తాపీగా బ్రష్ ఆడిస్తున్నాడు. నీళ్ళలో కలిపిన ఎపాక్సీ రంగు అట. వాసనే లేదు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా బాబాయి కొల్లేరు చుట్టుపక్కల చేపపిల్లలు పెంచే ఇనప ట్యాంకులకు తుప్పు పట్టకుండా లోపల రంగు వేసేవాడు. ఆ రోజుల్లో ఎపాక్సీ అంటే థిన్నర్‌లో కరిగించిందే. నా ఈడువాళ్ళకు ఆ ఘాటు గుర్తుండే ఉంటుంది. మూత ఉన్న ట్యాంకులో గంటసేపు ఉండి బయటికొస్తే ఆయనకు కళ్ళు తిరిగేవి, అన్నం ముందు కూర్చుంటే దగ్గు తెర ఆగేది కాదు. నాన్న పోయాక నన్ను కెమిస్ట్రీ చదివించింది ఆ సంపాదనతోనే. అందుకే తాడేపల్లిగూడెం దగ్గర రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, థిన్నర్ లేకుండా నీళ్ళతో ఎపాక్సీ చేసే పని మా ల్యాబ్‌కు వచ్చినప్పుడు, అది నా సొంత పనే అనుకున్నాను.

ఎపాక్సీకి మూలమైన బంకలాంటి రెజిన్‌ను వేడిచేసి, దాన్ని నీటితో కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం వేసి, జోరుగా తిరిగే మిక్సర్‌లో నీళ్ళు చుక్కచుక్కగా వదలాలి. ముందు వెన్నలా బిగుసుకుని, ఉన్నట్టుండి సడలి పాలలా జారుతుంది. ఎన్నోసార్లు విరిగిపోయాక ఒకనాడు కుదిరింది. ల్యాబ్ పెద్ద, మేం మేష్టారని పిలిచే ఆయన, కొంత సీసాలో పోసి వెచ్చని పెట్టెలో ఉంచారు.

"నాలుగు వారాలు ఓపిక పట్టమ్మా. అడుగున ఏం పేరుకోకపోతే అప్పుడు బయటికి పంపుదాం" అన్నారు.

రెండు వారాలకు సీసా పాలలాగే ఉంది. బాబాయి పెద్ద ట్యాంకు పని ఒప్పుకున్నాడని తెలిసి, ఆ దగ్గు తలుచుకుని ఆగలేక, మేష్టారికి చెప్పకుండా ఒక డబ్బా పంపేశాను. మూడో వారంలో సీసా అడుగున గట్టి ముద్ద కనిపించింది. కబురు చేసేలోపే అక్కడ పని అయిపోయింది. డబ్బా అడుగున గడ్డకట్టిన రెజిన్ కర్రతో ఎంత కలిపినా కదలలేదట. నేను పంపింది గనక బాగానే ఉంటుందని పైనున్న పలచనిదే పూశాడట. నీళ్ళు నింపగానే రంగు పొరలు పొరలుగా లేచి, చేపపిల్లల మధ్య తేలింది. ట్యాంకు యజమాని బాబాయిని అందరి ముందూ తిట్టి పంపేశాడు.

నేను వెళ్ళేసరికి బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నీ తప్పేముందమ్మా, నీళ్ళరంగు ఇనుముని పట్టుకోదంతే" అన్నాడు. నేను తల ఊపాను.

తరువాతి ఏడాదికి రెజిన్ నిజంగానే నిలిచింది. నెలలు గడిచినా అడుగున చిటికెడు ముద్ద కూడా లేదు. డబ్బా తీసుకుని నేనే వెళ్ళాను. "వద్దమ్మా, నాకు అలవాటైందే మేలు" అని నవ్వి, టీ తాగి వెళ్ళమన్నాడు. నిచ్చెన ఎక్కడానికి ఊపిరి చాలనంత వరకూ థిన్నర్ రంగే వేశాడు. ఆ తరువాత ఎక్కువకాలం లేడు.

ఇప్పుడు ఏ షాపులో అడిగినా నీళ్ళ ఎపాక్సీ దొరుకుతుంది, ఎవరూ వింతగా చూడరు. ఆ ఘాటు ఒంటికి పట్టించుకుని ఇల్లు చేరే మనుషులు కనుమరుగవుతున్నారు, మంచిదే. కానీ ఆ రోజు అరుగు మీద తల ఊపకుండా, తప్పు నీళ్ళది కాదు బాబాయ్, నా తొందరది అని ఒక్కమాట చెప్పి ఉంటే, ఆ రెండో డబ్బా ఆయన తీసుకుని ఉండేవాడేమో.