వినపడే పాపకు పెట్టిన చెవి మిషను

1996లో నేను రాజమండ్రిలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి దగ్గర ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. ఎవరికి ఎంత వినపడుతుందో కొలిచి, కాగితం మీద గీత గీసి ఇవ్వడం నా పని. ఆ గీతని ఆడియోగ్రామ్ అంటారు. డాక్టరు గారు కింద కూర్చునేవారు. మేడ మీద వెనక గది నాది. అందులో ఒక మూల, గోడలకి మెత్తటి పలకలు కొట్టి, ఒక అద్దం కిటికీ, లోపల మైకూ పెట్టిన చిన్న బూత్ ఉండేది. బయటి చప్పుడు లోపలికి రాదు. బూత్ పక్కన బల్ల మీద ఆడియోమీటర్, అంటే కొలతకి తగ్గట్టు చప్పుడు చేసే యంత్రం. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, నాలుగేళ్ల అనుభవం. పనంతా వచ్చేసిందని అనుకుంటున్న రోజులు.

ఆ జూలైలో గోదావరి అవతల ఉన్న కొవ్వూరు నుంచి సత్యవతి, ఆవిడ భర్త సూరిబాబు గారు తమ పాపని తీసుకొచ్చారు. అరటి, కంద పండించే రైతులు. పాప పేరు దేవి, నాలుగేళ్లు. మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. పిల్ల చెవిటిదని ఊళ్లో అందరూ తేల్చేశారు, పరీక్ష చేయించి మిషను పెట్టించమని బంధువులు పంపారు.

అంత చిన్న పిల్లలకి హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడితే చెయ్యెత్తమంటే కుదరదు. స్పీకరులోంచి చప్పుడు వదిలి, పిల్ల తల తిప్పుతుందా, కళ్లు పెద్దవి చేస్తుందా అని గమనించాలి. దేవిని బూత్‌లో తల్లి ఒళ్లో కూర్చోబెట్టాను. వెనక నుంచి గంట కొట్టాను, డప్పు కొట్టాను. స్పీకరు చప్పుడు పెంచుకుంటూ పోయాను. నాకే చెవులు నొప్పి పుట్టేంత పెంచాను. దేవి తన గౌను అంచు కుట్టు మీద వేలు అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. ఒక్కసారీ తల తిప్పలేదు.

బయటికొచ్చాక సత్యవతి నా బల్ల దగ్గర ఆగింది.

"మేడమ్ గారూ, ఒక్క మాటండి. దీనికి వినపడతందండి."

"ఎందుకలా అనిపిస్తోందమ్మా?"

"వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్టు విప్పితే వీధరుగు మీంచి పరిగెట్టుకొచ్చేస్తాదండి. గోదావరి బ్రిడ్జి మీదకి రైలు ఎక్కకుండానే పెరట్లోకెళ్లి నిలబడతాది. మాకెవరికీ అప్పటికింకా చప్పుడే వినపడదండి."

నేను నవ్వాను. "వాసన పసిగట్టి వస్తుందమ్మా. రైలు వేళలు అలవాటైపోయి ఉంటాయి. వినపడని పిల్లలు మిగతావన్నీ మనకంటే బాగా కనిపెడతారు."

ఆ మాటలు పుస్తకంలో చదివినవే. తల్లులు పిల్లల లోపాన్ని ఒప్పుకోలేరు, ఏవో సాక్ష్యాలు చెబుతారు, ఓపిగ్గా నచ్చజెప్పాలి అని శిక్షణలో నేర్పారు. సూరిబాబు గారు కూడా భార్యని కసిరారు. "నువ్వూరుకో. మిషన్లు పెట్టి చూసి చెప్తన్నారు కదా. నీకు తెలుస్తాదా, ఆరికి తెలుస్తాదా?"

బేరా అని ఇంకో పరీక్ష ఉంది. పిల్లని నిద్రపుచ్చి, తల మీద తీగలు అతికించి, చప్పుడు మెదడుదాకా చేరుతోందో లేదో చూస్తారు. పిల్ల తల తిప్పడంతో పని లేదు. అప్పట్లో దానికి విశాఖపట్నం వెళ్లాలి. నా ఫారం అడుగున రిమార్క్స్ అని ఒక గడి ఉండేది. "బేరా చేయించవలెను" అని రాస్తే సరిపోయేది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం అని రాశాను. డాక్టరు గారు నా గీత చూసి సంతకం పెట్టారు.

ఆ రోజుల్లో చెవి మిషనంటే అగ్గిపెట్టెకి రెండింతలుండే పెట్టె. గౌను జేబులో పెట్టాలి, దాన్నుంచి చెవిదాకా వైరు. చెవి అచ్చు తీసి చేసిన మోల్డ్ లోపల బిగిస్తాం. లోపం తీవ్రమని రాశాను కాబట్టి శక్తి ఎక్కువున్న మిషనే పెట్టాం. స్విచ్ వేయగానే దేవి కేకపెట్టి వైరు పీకేసి, నేల మీద బోర్లా పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పీకింది.

"మొదట్లో అందరూ ఇంతేనమ్మా. తియ్యనివ్వకండి. అలవాటు చేస్తేనే మాటలొస్తాయి," అన్నాను.

ఆ తర్వాత ప్రతి గురువారం సత్యవతి కొవ్వూరు నుంచి బస్సులో పాపని స్పీచ్ ట్రైనింగ్‌కి తీసుకొచ్చేది. నేను బొమ్మలు చూపించి "ఆవు, కాకి" అంటుంటే దేవి ఆ అట్టముక్కలు తీసుకుని నేల మీద వరసగా పేర్చేది. ఒకటి జరిపితే ఏడ్చేది. సత్యవతి ఇంటి సంగతులు చెప్పుకొచ్చేది. పిల్లకి అదే స్టీలు పళ్లెం కావాలి. అన్నం ఒక పక్క, పెరుగు ఒక పక్క, రెండూ కలవకూడదు. తలంటు రోజు మాత్రం ఇంట్లో యుద్ధమే, ఇద్దరు పట్టుకోవాలి. కొత్త గౌను కొంటే పాతదాంతో కలిపి నాలుగుసార్లు ఉతికి, మెత్తబడ్డాక తొడగాలి. రోజూ సాయంత్రం అదే దారిలో ఏటిగట్టుదాకా నడిపించాలి, వేరే సందులోకి తిప్పితే రోడ్డు మీదే పడుకుంటుంది. చూసినవాళ్లు పిల్లని పెంచడం రాదని సత్యవతిని అనేవారు. ఇవన్నీ ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు. పిల్ల సంగతి నాకు బాగా తెలియాలని చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. అందులో చెవికి సంబంధించింది ఏమీ లేదని ఒక్కటీ రాసుకోలేదు.

దసరా వెళ్లాక ఒక గురువారం ఆవిడ కొత్త సంగతి చెప్పింది.

"రైలొస్తంటే పెరట్లోకి పోవడం మానేసిందండి. చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతంది."

"మంచిదేనమ్మా. చప్పుడు తెలుస్తోందన్నమాట. మిషను పనిచేస్తోంది," అన్నాను. నిజంగా సంతోషించాను. రిజిస్టరులో "ఇంప్రూవ్‌మెంట్" అని రాశాను.

ఇంకో నెల పోయాక వచ్చినప్పుడు సత్యవతి మోచేతుల మీద గోళ్ల గాట్లున్నాయి. పొద్దున్నే మిషను పెట్టడం ఆవిడ పని. పిల్ల పీక్కోకుండా చేతులకి పాత చీర పీలికలు చుట్టి ఉంచుతోంది. ఆ కిటుకు చెప్పింది నేనే.

"నేను దగ్గరికెళ్తే పారిపోతందండి," అంది, నా వైపు చూడకుండా. "ఇదివరకు నా కొంగు పట్టుకునే తిరిగేది. ఇప్పుడు మా అత్తగారి దగ్గరికెళ్తంది. ఆవిడ మిషను పెట్టదు కదండీ."

"కొన్నాళ్లు గట్టిగా ఉండాలమ్మా. తల్లే మెత్తబడితే ఎలా?" అన్నాను.

ఫిబ్రవరిలో వైరు తెగిపోయింది. కొత్త వైరు తెప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ దేవి మిషను లేకుండా ఉంది. వైరు వేయించుకోవడానికి వచ్చిన రోజు ఆ పిల్ల తనే నా బూత్‌లోకి వెళ్లి, కింద కూర్చుని, గోడ పలకల చిల్లుల మీద వేలు పెట్టి తడుముతోంది. నేను ఆడియోమీటర్ సరిచూస్తున్నాను. స్పీకరులోంచి సన్నగా ఒక స్వరం వస్తోంది. లోపల దేవి ఏదో కూనిరాగం తీస్తున్నట్టు మైకులో వినపడింది.

నేను స్వరం మార్చాను. కూనిరాగం కూడా మారింది. రెండూ ఒకే శ్రుతి.

చప్పుడు తగ్గించాను. నలభై డెసిబెల్స్. ముప్పై. ఇరవై అంటే చెవి దగ్గర గుసగుసంత కూడా ఉండదు. నా వైపు వీపు పెట్టి కూర్చున్న పిల్ల, నేను తిప్పిన ప్రతి స్వరాన్నీ పట్టుకుని, నోరు మూసుకుని అంతే సన్నగా పలికింది. ఒక్క నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా కీచుగా ఉండే స్వరం దగ్గర మాత్రం ఊరుకుంది. పెంచితే, గొంతుకి అందే కింది స్థాయిలో దాన్నీ పలికింది. ఆ కాస్త లోపం మొదట్నుంచీ ఉందో, ఏడు నెలలు ఆ మిషను చెవిలో అరిచినందుకు వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

మామూలుగా వినపడే చెవిలో ఆ మిషను పెట్టి స్విచ్ వేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి పొరపాటున నా చెవికే తగిలి తల దిమ్మెక్కిపోయింది. అది ఒక్క క్షణం. ఈ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రందాకా, బస్సు హారన్లలో, గిన్నెల చప్పుళ్లలో, బ్రిడ్జి మీద రైలు కింద, చేతులు కట్టించుకుని భరించింది.

కిందకి పరిగెత్తి డాక్టరు గారికి చెప్పాను. ఆయన లేచి గది తలుపు వేసి మెల్లగా అన్నారు. "చూడమ్మా పద్మా, ఇప్పుడు వాళ్లని గాబరా పెడితే ఏమొస్తుంది? వినికిడి మెరుగైంది, ఇంక మిషను అక్కర్లేదని చెప్పు. విశాఖపట్నానికి చీటీ రాస్తాను. బేరా అక్కడ చేస్తారు."

నేను వాదించలేదు. ఆ తప్పులో ఆయన వాటా కంటే నా వాటా ఎక్కువని తెలుసు. అది బయటపడకపోతే నాకూ మంచిదే.

మేడ మీదకి వచ్చి సత్యవతితో అదే చెప్పాను. "వినికిడి బాగా మెరుగైందమ్మా. మిషను తీసేయొచ్చు."

ఆవిడ నన్ను చూసింది. ఆవిడ ఏడో తరగతి చదువుకున్న మనిషి. నా డిప్లొమా గోడ మీద వేలాడుతోంది.

"మెరుగవడం కాదు కదండీ. ముందునుంచీ వినపడతంది కదండీ."

నేను విశాఖపట్నం చీటీ మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

"మిమ్మల్ని నేనేం అననండి. మా ఆయన బయట మెట్ల దగ్గరున్నారు. ఆయనతో ఒక్క ముక్క చెప్పండి. ఇది మిషను పీకేసినప్పుడల్లా, నేను సరిగ్గా పెట్టట్లేదనీ నావల్లే మాటలు రావట్లేదనీ ఇంట్లో తిడతన్నారండి. మీరు చెప్తే వింటారు."

"డాక్టరు గారు చెబుతారమ్మా," అన్నాను.

డాక్టరు గారు చెప్పలేదు. వాళ్లు వెళ్లిపోతుంటే సూరిబాబు గారు మెట్ల మీద నాకు దణ్ణం పెట్టారు. "మీ దయవల్ల చెవులొచ్చినయ్యండి. కోరుకొండ సామికి మొక్కుకున్నాం. ఇది ఇంకొంచెం జాగర్తగా పెట్టుంటే ఈపాటికి మాటలు కూడా వచ్చేసేవి," అని భార్యని చూపించారు. సత్యవతి నా మొహంలోకే చూస్తోంది. నేను దణ్ణానికి దణ్ణం పెట్టి లోపలికి వచ్చేశాను.

వేసవిలో ఆవిడ తమ్ముణ్ణి తోడు తీసుకుని విశాఖపట్నం వెళ్లి వచ్చింది. తిరిగొచ్చాక ఒక్కర్తే నా దగ్గరికి వచ్చి కాగితం చూపించింది. బేరాలో వినికిడి దాదాపు మామూలే అని ఉంది. పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం అని రాశాడు. ఆ మాట నేను శిక్షణలో ఒక్కసారి విన్నాను, ఒక్క పిల్లనీ చూడలేదు. చూశానేమో, గుర్తుపట్టలేదు.

"ఇంట్లో ఏమన్నారమ్మా?"

"ఒప్పుకోలేదండి. చెవిటిదంటే జాలిపడతారంట. ఈ పేరేదో చెప్తే పిచ్చిదంటారంట. ఎవరికీ చెప్పొద్దన్నారు. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ వెళ్లినప్పుడు మిషను పెట్టే తీసుకెళ్లమంటన్నారు." కాగితం మడుచుకుంటూ, "బ్యాటరీ తీసేసి పెడతన్నానండి," అంది.

చెవిటిదన్న ఊళ్లోవాళ్ల మాటకి ముద్ర వేసింది నా కాగితమే. పిల్లకి నాలుగేళ్లకే ఆ రెండో పేరు తెలిసుంటే ఏం జరిగేదో చెప్పలేను. అప్పట్లో మా వైపు అలాంటి పిల్లలకి నేర్పేవాళ్లు ఎవరూ లేరు. కానీ తల్లిని చూసి పారిపోయే అవసరం ఉండేది కాదు.

మళ్లీ ఆవిడని చూసింది 2005లో, గోదావరి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద. దేవికి పదమూడేళ్లు. తల్లి కంటే పొడుగైంది. మాటలు పదో పదిహేనో వచ్చాయట. జేబులో పెట్టె లేదు, చెవిలో వైరు లేదు. తల్లికి రెండడుగుల దూరంలో, తాకకుండా నిలబడి ఉంది.

"ఇప్పుడు దగ్గరికి వస్తోందా?" అని అడిగాను.

"అన్నం పెడితే తింటాదండి. జడ వెయ్యనిస్తాది. చెవి పక్కకి చెయ్యి పోతే మాత్రం ఇప్పటికీ నెట్టేస్తాది."

ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్న మాట అప్పుడన్నాను. "తప్పు నాదేనమ్మా. మీరు మొదటి రోజే చెప్పారు. క్షమించండి."

సత్యవతి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఇప్పుడు నాతో చెప్తే ఏం లాభమండి," అంది. "నాకు తెలీని సంగతి కాదు కదా. మా ఆయన పోయి రెండేళ్లయింది. నావల్లే దానికి మాటలు సరిగ్గా రాలేదనుకుంటానే పోయారు." రైలు వచ్చింది. కూతుర్ని ముందు ఎక్కించి, వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

నేను ఆ వృత్తిలో ఇంకో పదిహేనేళ్లున్నాను. నా ఫారంలో మొదటి గడి మార్చుకున్నాను. యంత్రం ముట్టుకోకముందు, తల్లి ఏం చెప్పిందో ఆవిడ మాటల్లోనే అక్కడ రాసేదాన్ని. అనుమానముంటే "తేల్చలేకపోయాను" అని రాయడానికి సిగ్గుపడలేదు. నా కొలత తప్పని తెలిసిన రోజున, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, తప్పు నాదని వాళ్లందరి ముందూ చెప్పేదాన్ని. అలా నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఒకాయన నా మీదకి కుర్చీ ఎత్తాడు. ఒక డాక్టరు గారు మర్నాటినుంచి రావద్దన్నారు. ఆ నాలుగిళ్లలోనూ తర్వాత ఎవరూ తల్లిని తప్పుపట్టలేదని విన్నాను.

కొవ్వూరులో ఆ ఇంటికి మాత్రం నేను వెళ్లలేదు. సూరిబాబు గారు బతికున్న ఆరేడేళ్లలో రోజుకి ఎన్నో కొవ్వూరు బస్సులు నా కళ్లముందే ఆ బ్రిడ్జి పైనున్న రోడ్డు మీదుగా దాటాయి. ఒక్కటీ ఎక్కలేదు.