పొట్టి మాటల దరఖాస్తు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ల వయసులో, నరసరావుపేటలో మా వీధి మొత్తానికీ ఇంగ్లీషు నాకే వచ్చని నా నమ్మకం. బడిలో నేర్చింది కొంచెమే. మిగిలిందంతా గ్రంథాలయంలో, ఒక మోకాలి మీద నిఘంటువు, ఇంకో మోకాలి మీద అమెరికా పిల్లల కథల పుస్తకం పెట్టుకుని కూడబలుక్కున్నది. ఆ కథల్లో పిల్లలు ‘డు నాట్’ అనరు, ‘డోంట్’ అంటారు. ‘గోయింగ్ టు’ను ‘గొనా’ చేస్తారు, ‘వాంట్ టు’ను ‘వానా’ చేస్తారు, ‘గివ్ మీ’ని ‘గిమ్మీ’ అని తేల్చేస్తారు. మన దగ్గర పెద్దవాళ్లతో మాట కుదించి మాట్లాడితే పొగరంటారు. దొరల భాషలో మాత్రం ఎంత కుదిస్తే అంత గొప్ప కాబోలు అనుకున్నాను.

పక్కింటి అక్క ఎనిమిదో తరగతి దాటింది. వాళ్ల నాన్న పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలి. మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణకు వెళ్లాలని ఆమె పట్టుదల. ఆ ఏడు సీటు రాకపోతే వాళ్లమ్మతో పాటు మిరపకాయలు కోయడానికి పోవాల్సిందే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలని ఆమె మా అమ్మతో అంటుంటే విని, నేను రాస్తానని ఎగబడ్డాను.

“ఏమే, నీకంత వచ్చా?” అని మా అమ్మ నవ్వింది.

“రాయనీ పిన్నీ, మా చెల్లి చానా పుస్తకాలు చదివింది,” అంది అక్క.

రెండు రోజులు కూర్చుని రాశాను. ‘ఐ వానా బి ఎ నర్స్’ అని మొదలుపెట్టి, ‘ప్లీజ్ గిమ్మీ ఎ సీట్’ అని ముగించాను. అక్క రెండు చేతులా అందుకుని నా తల నిమిరింది.

వారం తరవాత గ్రంథాలయంలో ఇంగ్లీషు భాష పుట్టుపూర్వోత్తరాల పుస్తకం ఒకటి దొరికింది. ఈ పొట్టి మాటలు కలంలో పుట్టినవి కావట, నోట్లో పుట్టినవట. తొందరలోనో చనువులోనో జనం మింగేసిన మాటలు మెల్లగా రాతలోకి వచ్చాయి. మింగిన అక్షరం చోట పైన చిన్న కొక్కెం లాంటి గుర్తు పెట్టడం అలవాటైంది. ‘గొనా’, ‘వానా’లకు ఆ గుర్తు కూడా దక్కలేదు. ఇవి స్నేహితుల మధ్య చెల్లుతాయి గాని, అధికారులకు పెట్టే అర్జీల్లో రాయకూడదు. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. నేను రాసిందీ అర్జీయే.

ఆ పూట అన్నం సయించలేదు. అక్కను నా చేతులతో నేనే మిరప చేలోకి తోసినట్టు అనిపించింది. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి పరుగెత్తి, వెక్కుతూ అంతా చెప్పేశాను.

రుబ్బురోలు దగ్గరున్న అక్క చేతులు కడుక్కుని వచ్చింది. “ఏంది, దీనికేనా ఏడుపు? మా బడి పంతులమ్మకు చూపిచ్చా. ఆమె వేరే రాసిచ్చింది. అదే పంపిచ్చాం.”

“మరి నాకెందుకు చెప్పలా?”

“చెబితే నువ్వు మళ్లా కలం పడతావా పిచ్చిదానా?”

లోపలికి వెళ్లి బైబిలు తెచ్చింది. నా కాగితం అందులో మడత నలగకుండా ఉంది. “ఆసుపత్రి దొరసానికి రాసినట్టు లేదు, తోడబుట్టినదానికి రాసినట్టుంది అంది పంతులమ్మ. ఇంట్లో కట్టే చీరతో తాలూకా కచేరీకి పోం గదా. అట్టాగని దాన్ని పారేస్తామా? సీటొస్తే నాకు ఉత్తరాలు ఇట్టాగే రాయి. పక్కన కూచుని మాట్టాడినట్టుంటది.”

సీటు వచ్చింది. నేను పొట్టి మాటలతోనే ఉత్తరాలు రాశాను. అక్క మొదటి జవాబులో ‘ఐమ్ గొనా కమ్ ఫర్ క్రిస్మస్’ అని ఉంది. క్రిస్మస్‌కు ఇంటికొస్తోందట అని మా అమ్మకు దాని అర్థం చెప్పాను.

ఇప్పుడు మా వీధి పిల్లలు తమవాళ్ల కోసం రాసిన అర్జీలు తెచ్చి నాకు చూపిస్తుంటారు. తప్పులు కనపడకపోవు. దిద్దబోయే ముందు, ఆ కాగితం ఎవరి మీద ప్రేమతో రాశారో ఒక్క క్షణం చూస్తాను. మంచి ప్రతి వేరే కాగితం మీద రాసిస్తాను. వాళ్లు రాసినదాని మీద మాత్రం ఇంతవరకూ ఒక్క గీత పెట్టలేదు.